నెదర్లాండ్స్ కారును జర్మనీలో రిజిస్టర్ చేయించడం: ఆ ఆరు నెలల గడువు మీకు వర్తించదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఐండ్‌హోవెన్‌లో నాలుగేళ్లున్నారు, మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల కుటుంబంతో సహా మారిపోతున్నారు. మూడున్నరేళ్ల 1.5 పెట్రోల్ గోల్ఫ్ మీ పేరు మీదే ఉంది, లోను లేదు. "ఆరు నెలల దాకా, కొందరైతే ఏడాది దాకా డచ్ ప్లేటుతోనే తిరగొచ్చంటున్నారు, నిజమేనా? ఏయే కాగితాలు కావాలి? మొత్తం ఎంతవుతుంది?" అని అడిగారు. చివర్లో "లైసెన్సుతో సమస్య లేదు, ఇండియన్ లైసెన్సు ఇచ్చి డచ్‌ది తీసుకున్నాను" అని ఒక మాట వేశారు. నిజానికి కారు కంటే ముందు చూసుకోవాల్సింది అదే. దాని గురించి కింద విడిగా రాస్తాను.

సూటిగా జవాబు: తిరగకూడదు. మ్యూనిక్‌లో ఇల్లు తీసుకుని ఆన్‌మెల్డుంగ్, అంటే అడ్రసు నమోదు, చేయించుకుని, కారును ఆ ఇంటి ముందు పెట్టుకున్నాక ఆ కారు జర్మనీ కారే. ఆలస్యం చేయకుండా అక్కడ రిజిస్టర్ చేయించాలి. పని కష్టమైనదేమీ కాదు. కస్టమ్స్ లేదు, నెదర్లాండ్స్‌లోని బీపీఎం లాంటి రిజిస్ట్రేషన్ పన్ను జర్మనీలో అసలే లేదు. ఇన్సూరెన్స్ పక్కన పెడితే 400-500 యూరోల్లో అంతా అయిపోతుంది. చేతిలో సీఓసీ (కారు గురించి తయారీ కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్) ఉంటే ఇంకా తక్కువే. కాగితాలు అందరికీ దొరుకుతాయి. చాలామంది ఇరుక్కునేది నెదర్లాండ్స్ వదలకముందు చేయాల్సిన పనులు వదిలాక చేయబోయి.

ఆ ఆరు నెలల మాట పూర్తిగా గాలి కబురు కాదు. యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశంలో స్థిరనివాసం ఉన్నవారు తమ కారును ఇంకో దేశంలో తాత్కాలికంగా వాడుకుంటే, పన్నెండు నెలల్లో ఆరు నెలల వరకు అక్కడ పన్ను అడగకూడదని 1983 నాటి డైరెక్టివ్ ఒకటుంది. జర్మనీ రిజిస్ట్రేషన్ నిబంధనల్లోనూ విదేశీ వాహనాల తాత్కాలిక వాడకానికి ఏడాది గడువుంది. రెండింట్లోనూ ప్రాణం "తాత్కాలికం" అన్న మాటలోనే ఉంది. నివాసం ఇంకా నెదర్లాండ్స్‌లోనే ఉండి, ప్రాజెక్టు మీద నాలుగు నెలలు మ్యూనిక్ వచ్చినవారికి అది పనికొస్తుంది. సామాను సర్దుకుని, పిల్లల్ని అక్కడి బడిలో చేర్చినవారికి పనికిరాదు. మన దగ్గర బెంగళూరు బండిని హైదరాబాద్ తెచ్చుకుంటే మోటారు వాహనాల చట్టం పన్నెండు నెలల వెసులుబాటు ఇస్తుంది కదా, ఆ లెక్క మనసులో ఉండిపోయి మనవాళ్లు దీన్ని ఇట్టే నమ్మేస్తారు. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. పట్టుబడితే రిజిస్ట్రేషన్ జరిమానాతో పోదు, జర్మనీ వాహన పన్ను ఎగ్గొట్టినట్టు కూడా అవుతుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం యాక్సిడెంటు జరిగినప్పుడు బయటపడుతుంది: మీరు దేశం మారారన్న సంగతి డచ్ ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పలేదని అప్పుడు తేలుతుంది.

భార్యాపిల్లలు ఐండ్‌హోవెన్‌లోనే ఉండి, మీరొక్కరే వారం వారం వెళ్లి వస్తున్నట్టయితే సంగతి వేరు. వ్యక్తిగత బంధాలు ఎక్కడున్నాయో, క్రమం తప్పకుండా ఎక్కడికి తిరిగి వస్తున్నారో చూసి నివాసం తేలుస్తారు. మీది ఆ పరిస్థితి కాదు కాబట్టి అందులోకి పోను.

ఇప్పుడు లైసెన్సు సంగతి. నెదర్లాండ్స్‌లో 30 శాతం రూలింగ్ (విదేశాల నుంచి వచ్చిన ఉద్యోగులకు ఇచ్చే పన్ను రాయితీ) ఉన్నవారికి, వారి కుటుంబసభ్యులకు ఇండియన్ లైసెన్సును పరీక్ష లేకుండా డచ్ లైసెన్సుగా మార్చి ఇస్తారు. మన సాఫ్ట్‌వేర్ వాళ్లలో చాలామంది దగ్గర ఉన్నది అలాంటిదే. యూరోపియన్ కార్డు కాబట్టి ఎక్కడైనా చెల్లుతుందని అనుకుంటాం. జర్మనీలో డ్రైవింగ్ లైసెన్సు నిబంధనల 28వ సెక్షన్ నాలుగో ఉపవిభాగంలో మినహాయింపుల జాబితా ఉంది. అనెక్స్ 11 అనే ఇంకో జాబితాలో లేని బయటి దేశపు లైసెన్సును పరీక్ష లేకుండా మార్చి ఇచ్చిన యూరోపియన్ లైసెన్సు, జర్మనీలో నివాసం ఉన్నవారికి చెల్లదని అందులో ఉంది. ఆ అనెక్స్ 11లో ఇండియా లేదు.

మీ కార్డు తిప్పి వెనక వైపు చూడండి. చివరి నిలువు వరుస 12వది. అక్కడ 70 అన్న కోడ్, దాని వెంట పాత లైసెన్సు నంబరు, ఇండియా గుర్తు కనిపిస్తే మీరు ఈ నిబంధన కిందికి వస్తారు. నెదర్లాండ్స్‌లో సీబీఆర్ (అక్కడ డ్రైవింగ్ పరీక్షలు పెట్టే సంస్థ) పరీక్షలు రాసి, రోడ్ టెస్ట్ పాసై తెచ్చుకున్న లైసెన్సుకు ఆ కోడ్ ఉండదు, దానికి ఢోకా లేదు. కోడ్ ఉన్నవారు జర్మనీలో ఫ్యూరర్‌షైన్‌స్టెల్లెకు, అంటే లైసెన్సు ఆఫీసుకు, ముందే రాతపూర్వకంగా రాసి తేల్చుకోవాలి. మామూలుగా పడే దారి ఇది: కంటి పరీక్ష, ఒక రోజు ఫస్ట్ ఎయిడ్ కోర్సు, థియరీ పరీక్ష, రోడ్ టెస్ట్. కొత్తగా నేర్చుకునేవారికి ఉండే తప్పనిసరి క్లాసుల లెక్క మీకు ఉండదు, కానీ టెస్ట్‌కు డ్రైవింగ్ స్కూల్ కారు, పక్కన ఇన్‌స్ట్రక్టర్ కావాలి కాబట్టి స్కూల్లో చేరక తప్పదు. థియరీ ఇంగ్లిష్‌లో రాయొచ్చు. నెలలు పట్టే పని ఇది. జర్మనీలో చెల్లే లైసెన్సు లేకుండా నడపడం పార్కింగ్ ఫైన్ లాంటిది కాదు, క్రిమినల్ నేరం. ఇంట్లో ఇంకొకరికి సీబీఆర్ ద్వారా వచ్చిన లైసెన్సు ఉంటే మొదటి నెలల్లో వారే నడపడం మేలు. కారు రిజిస్ట్రేషన్‌కు మాత్రం లైసెన్సుతో పని లేదు. ఓనరు లైసెన్సు కౌంటర్లో అడగరు. రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా అని లైసెన్సు కూడా సరే అనుకోవడం అందుకే జరుగుతుంది.

ఇక కారు. నెదర్లాండ్స్ అడ్రసు ఉండగానే చేయాల్సినవి ముందు చెప్తాను.

మొదటిది కేన్‌టేకన్‌కార్డ్, దానికి సంబంధించిన కోడ్. 2014 నుంచి డచ్ ఆర్‌సీ క్రెడిట్ కార్డు సైజు ప్లాస్టిక్ కార్డు. జర్మనీలో ఆర్‌సీకి రెండు భాగాలు: బండిలో ఉంచుకునే ఫార్‌ట్సొయిగ్‌షైన్, ఇంట్లో భద్రంగా దాచుకునే ఫార్‌ట్సొయిగ్‌బ్రీఫ్. డచ్ వాళ్లకు రెండో భాగం లేదు. యాజమాన్యం మార్చే అధికారం తెనామ్‌స్టెలింగ్స్‌కోడ్ అనే తొమ్మిదంకెల కోడ్‌లో ఉంటుంది. అది రెండు ముక్కలుగా మీ చేతికి వచ్చి ఉంటుంది. "దీనికి రెండో భాగం ఏది?" అని జర్మన్ కౌంటర్లో అడిగినప్పుడు కార్డుతో పాటు ఆ కోడ్ ఉన్న కాగితం చూపిస్తే మాట అక్కడితో ఆగుతుంది. అది ఎక్కడో పోయి ఉంటుంది, చాలా ఇళ్లలో అంతే. ఇంకోటి తెప్పించుకోవచ్చు, కానీ మీ పేరున నమోదైన అడ్రసుకు పోస్టులో వస్తుంది. మున్సిపాలిటీలో పేరు తీయించేసుకుని, ఇల్లు ఖాళీ చేసి, మ్యూనిక్ నుంచి తెప్పించుకోవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఈ వారమే వెతకండి.

రెండోది ఎక్స్‌పోర్ట్ నమోదు. ఇక్కడ రెండు దారులున్నాయి. ఆర్‌డీడబ్ల్యూలో, అంటే డచ్ వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థలో, ముందే ఎక్స్‌పోర్ట్ నమోదు చేయిస్తే మామూలు రిజిస్ట్రేషన్ రద్దై, తెల్ల ప్లేట్లతో, 14 రోజులు మాత్రమే చెల్లే కాగితంతో బండి వెళ్లాలి. ఆ 14 రోజుల్లో మ్యూనిక్‌లో అడ్రసు నమోదు, తనిఖీ, రిజిస్ట్రేషన్ టెర్మిన్ (అపాయింట్‌మెంట్) మూడూ పూర్తవ్వాలి. పెద్ద ఊళ్లలో టెర్మిన్ దొరకడానికే వారాలు పడుతుంది. గడువు దాటితే బండి రోడ్డెక్కడానికి వీల్లేక ఇంటి ముందు నిలబడిపోతుంది. అందుకే సొంత కారుతో నివాసం మారేవారికి నేను చెప్పేది రెండో దారి: చెల్లుబాటులో ఉన్న పసుపు ప్లేట్లతోనే నడుపుకుంటూ వెళ్లి, జర్మనీలో వీలైనంత త్వరగా రిజిస్టర్ చేయించడం. అక్కడి ఆఫీసు మీ డచ్ కార్డును తీసేసుకుని, ఆ సంగతి నెదర్లాండ్స్‌కు తెలియజేస్తుంది. అలా తెలియజేయడానికి 1999 నాటి ఈయూ డైరెక్టివ్ ఆ ఆఫీసుకు రెండు నెలల గడువిచ్చింది; అది మీ గడువు కాదు.

మూడోది బీపీఎం వాపసు. చాలామంది దీన్ని వదిలేసుకుంటున్నారు, అందుకే ఇంత చెప్తున్నాను. డచ్ కారు ధరలో బీపీఎం అనే పన్ను కలిసి ఉంటుంది. కారు శాశ్వతంగా వేరే ఈయూ దేశానికి వెళ్లి అక్కడ రిజిస్టరైతే, వయసు లెక్కన తరుగు పోగా మిగిలిన బీపీఎం వెనక్కి అడగొచ్చు. కారు మొదటిసారి రోడ్డెక్కింది 2006 అక్టోబరు 16 తర్వాత అయి ఉండాలి; మీదానికి ఆ చిక్కు లేదు. డచ్ రిజిస్టర్‌లో ఎక్స్‌పోర్ట్ కింద పేరు ముగిసిన నాటి నుంచి 13 వారాల్లోపు బెలాస్టింగ్‌డీన్‌స్ట్‌కు, అంటే డచ్ పన్నుల శాఖకు, దరఖాస్తు చేరాలి. మూడున్నరేళ్ల పెట్రోల్ కారుకు ఇది నాలుగంకెల సొమ్మయ్యే అవకాశం బాగా ఉంది. ఇక్కడొక జాగ్రత్త: బండిని ముందు చూపించాలా, ఎక్స్‌పోర్ట్ ఏ విధంగా నమోదవ్వాలి అన్న వరుసను నెదర్లాండ్స్ దాటకముందే ఆర్‌డీడబ్ల్యూకు ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. వాపసు సొమ్ము పెద్దదైతే, దానికోసం పైన చెప్పిన రెండు దారుల్లో ఏది ఎంచుకోవాలన్నది మారొచ్చు.

నాలుగోది ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి క్లెయిమ్ లేని సంవత్సరాల పత్రం. డచ్‌లో స్కాడేవ్రేయె యారెన్ అంటారు. కంప్యూటర్లో ఉంటుందిలే అనుకోవద్దు, జర్మన్ కంపెనీలు ఆ డచ్ డేటాబేస్‌లోకి చూడలేవు. మీ పేరు, నంబరు ప్లేటు, పాలసీ మొదలైన తేదీ, క్లెయిముల సంఖ్య ఉన్న లేఖను ఇంగ్లిష్‌లోనో జర్మన్‌లోనో రాయించుకోండి. ప్రీమియం మీద దీని ప్రభావం మిగతా ఖర్చులన్నిటినీ మించిపోతుంది. పనిలో పనిగా కిలోమీటర్ల రీడింగుల చరిత్రను కూడా ఆర్‌డీడబ్ల్యూ నుంచి తీసి పెట్టుకోండి. రేపు జర్మనీలో కారు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది అదే.

మీ కారు విషయంలో తప్పకుండా తగిలే చిక్కు తనిఖీ. నెదర్లాండ్స్‌లో పెట్రోల్ కారుకు మొదటి ఏపీకే, అంటే అక్కడి తప్పనిసరి తనిఖీ, నాలుగేళ్లకు. జర్మనీలో మొదటి హెచ్‌యూ, అదే మనవాళ్లు ట్యూఫ్ అనేది, మూడేళ్లకే. ఆ తర్వాత రెండేళ్లకొకసారి. ఒక ఈయూ దేశం చేసిన తనిఖీని ఇంకో దేశం రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకోవాలని 2014 డైరెక్టివ్ చెప్తుంది, కానీ ఆ తనిఖీ కొత్త దేశపు కాలవ్యవధి ప్రకారం ఇంకా చెల్లుబాటులో ఉండాలి. మీ కారుకు మూడున్నరేళ్లు. డచ్ లెక్కలో అన్నీ సక్రమమే, అసలు తనిఖీయే జరగలేదు. జర్మన్ లెక్కలో ఆరు నెలలు ఆలస్యం. కాబట్టి జర్మనీలో హెచ్‌యూ చేయించి, ఆ రిపోర్టుతో రిజిస్ట్రేషన్‌కు వెళ్లాలి. ట్యూఫ్, డెక్రా, జీటీయూ అనే తనిఖీ సంస్థల్లో ఎక్కడైనా డచ్ ప్లేటుతోనే చేస్తారు. కాలుష్య పరీక్షతో కలిపి సుమారు 150 యూరోలు.

హెచ్‌యూలో డచ్ కార్లు చిన్న చిన్న విషయాలకే దొరికిపోతాయి. బండిలో ఫస్ట్ ఎయిడ్ పెట్టె, వార్నింగ్ ట్రయాంగిల్, మెరిసే జాకెట్ మూడూ ఉండాలి. పెట్టె డీఐఎన్ 13164 ప్రమాణానిదై, మీద వేసిన గడువు దాటకుండా ఉండాలి. పది పదిహేను యూరోలకు ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతుంది. ఇవి లేకపోతే చిన్న లోపం కింద రాస్తారంతే. పెద్ద లోపం పడితే మాత్రం స్టిక్కర్ రాదు, నెలలోపు బాగు చేయించి మళ్లీ చూపించాలి. అసలు సమస్యలు బయట వేయించుకున్న వాటితో వస్తాయి: తర్వాత బిగించిన టో-హుక్, కంపెనీవి కాని అల్లాయ్ వీల్స్, ముందు అద్దాల మీద టింట్ ఫిల్మ్, నెదర్లాండ్స్‌లో ఎక్కువగా కనిపించే ఎల్‌పీజీ కిట్. వీటికి ఆమోద పత్రం ఉండాలి. ఎల్‌పీజీ కిట్‌కు పత్రం లేకపోతే కొన్నిసార్లు కిట్ తీసేయడమే చవక. వీల్స్ విషయంలో మార్గం సులువు, పాత కంపెనీ చక్రాలు ఉంటే అవి వేసుకుని వెళ్లండి.

టైర్లంటే గుర్తొచ్చింది. నెదర్లాండ్స్‌లో వింటర్ టైర్ల నియమం లేదు, జర్మనీలో మంచు, జారుడు ఉన్నప్పుడు తప్పనిసరి. 2024 అక్టోబరు 1 నుంచి కొండ బొమ్మలో మంచు రేకు గుర్తు ఉన్న టైర్లకే లెక్క. వట్టి ఎం+ఎస్ రాసి ఉన్న పాత ఆల్-సీజన్ టైర్లు ఇప్పుడు పనికిరావు. పట్టుకుంటే 60 యూరోలు, ఒక పెనాల్టీ పాయింటు. మ్యూనిక్ చలికాలంలో దీన్ని ఫైన్ భయంతో చూడకండి, బ్రేకు పడాలంటే కావాల్సిందే.

సీఓసీ అంటే కారు యూరోపియన్ ప్రమాణాల ప్రకారం తయారైందని కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్. రెండు మూడు పేజీలు, 17 అక్షరాల ఛాసీ నంబరు మీద జారీ అవుతుంది. కాలుష్య స్థాయి, సీఓ2, టైరు సైజులు, బరువులు అన్నీ అందులో ఉంటాయి. డచ్ డీలర్లు చాలాసార్లు దీన్ని కొనేవారి చేతికివ్వరు. కారు పత్రాల సంచీలో ఒకసారి వెతకండి. లేకపోతే వోక్స్‌వ్యాగన్ ద్వారా ఛాసీ నంబరు పెట్టి తెప్పించుకోవాలి. కంపెనీని బట్టి 100 నుంచి 250 యూరోలు, రావడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి ముందే ఆర్డర్ చేయండి. ఇంటర్నెట్‌లో "సీఓసీ వెంటనే పంపుతాం" అని అమ్మే మధ్యవర్తులున్నారు. కొందరు ఇచ్చేది ఒట్టి డేటా షీటు, దాన్ని కౌంటర్లో ఒప్పుకోకపోవచ్చు. సీఓసీ దొరకనప్పుడు ట్యూఫ్ లేదా డెక్రా ఇంజినీర్ దగ్గర డేటా షీటు రాయించుకోవడం ఇంకో మార్గం. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చిన కార్లకైతే 21వ సెక్షన్ కింద పూర్తి తనిఖీ, అది వేరే లోకం.

ఇంకొకటి చూడండి. నెదర్లాండ్స్‌లో తిరిగే సెకండ్ హ్యాండ్ కార్లలో చాలా వాటి పుట్టిల్లు జర్మనీయే. మీ కేన్‌టేకన్‌కార్డ్ మీద మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, నెదర్లాండ్స్‌లో మొదటిసారి నమోదైన తేదీ వేర్వేరుగా ఉంటే మీ గోల్ఫ్ కూడా అలా వచ్చిందే కావచ్చు. అప్పుడు జర్మన్ కేంద్ర రిజిస్టర్‌లో దాని పాత వివరాలు దొరికి పని తేలికవుతుంది.

కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లాల్సినవి: పాస్‌పోర్టు, దాంతో పాటు అడ్రసు నమోదు పత్రం (మెల్డెబెషైనిగుంగ్, పాస్‌పోర్టులో జర్మన్ అడ్రసు ఉండదు కాబట్టి ఇది లేకుండా వెళ్తే వెనక్కి పంపేస్తారు), కేన్‌టేకన్‌కార్డ్, కోడ్ కాగితం, కారు కొన్న బిల్లు, సీఓసీ, హెచ్‌యూ రిపోర్టు, ఇన్సూరెన్స్ ఉందని చూపడానికి కంపెనీ ఇచ్చే ఏడక్షరాల ఈవీబీ నంబరు, వాహన పన్ను కోసం బ్యాంకు అకౌంటు నంబరు, విప్పిన డచ్ ప్లేట్లు లేదా వాటిని విప్పడానికి స్క్రూడ్రైవర్. అన్నీ ఒరిజినల్స్, ఫొటోకాపీ మీద ఏ పనీ జరగదు. బిల్లు డచ్‌లో ఉన్నా సాధారణంగా ఇబ్బంది ఉండదు. మీరు వెళ్లలేకపోతే మీ సంతకంతో ఆథరైజేషన్ ఇచ్చి ఇంకొకరిని పంపొచ్చు. డబ్బు తీసుకుని ఈ పని చేసిపెట్టే ఏజెన్సీలు కూడా ఆఫీసు చుట్టుపక్కలే ఉంటాయి. టెర్మిన్ దొరకనప్పుడు వాళ్లకిచ్చే డబ్బు దండగేమీ కాదు.

ఈయూ దేశాల ఆర్‌సీలన్నిట్లో గడుల అక్షరాలు ఒకటే. E అక్షరం గడిలో ఛాసీ నంబరు, B గడిలో మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, పీ.1లో సీసీ, పీ.2లో కిలోవాట్లు, వీ.7లో సీఓ2. కౌంటర్లో ఉన్నవారికి డచ్ రాకపోయినా పని నడిచేది అందుకే. కొత్త జర్మన్ ఆర్‌సీ చేతికి రాగానే ఆ గడులను సీఓసీతో అక్కడే పోల్చుకోండి. ముఖ్యంగా 2.1, 2.2 గడులు చూడండి. వాటిలో తయారీదారు నంబరు, మోడల్ నంబరు ఉంటాయి. ఇంపోర్ట్ కార్లకు అక్కడ ఒక్కోసారి సున్నాలు పెడతారు. సున్నాలుంటే చాలా ఇన్సూరెన్స్ వెబ్‌సైట్లు మీ కారును గుర్తుపట్టవు, ప్రీమియం అంచనాలు తారుమారవుతాయి. జర్మనీలో కూడా అదే రూపంలో అమ్ముడైన గోల్ఫ్‌కు సరైన నంబర్లు ఉంటాయి, నెమ్మదిగా అడిగితే చూస్తారు. తర్వాత సరిచేయించుకోవాలంటే ఇంకో టెర్మిన్.

ఆఫీసు ఫీజు సాధారణంగా వంద యూరోల లోపే. నచ్చిన నంబరు కావాలంటే 10.20, ముందే రిజర్వ్ చేస్తే ఇంకో 2.60. ప్లేట్లు ఆఫీసులో ఇవ్వరు. నంబరు తీసుకుని బయట దుకాణంలో కొట్టించుకుని వస్తే వాటి మీద సీలు వేస్తారు. గేటుకు ఎదురుగా ఉన్న దుకాణం కంటే సందు చివర దుకాణంలో, లేదా ముందే ఆన్‌లైన్‌లో చవక. పచ్చ ఎన్విరాన్‌మెంట్ స్టిక్కర్ మీద ప్లేటు నంబరు రాస్తారు కాబట్టి డచ్ నంబరుతో ముందే కొనకండి, కొత్త ప్లేట్లతో పాటే తీసుకోండి. అది లేకుండా కాలుష్య నియంత్రణ జోన్‌లోకి వెళ్తే 100 యూరోల ఫైన్.

వాహన పన్ను నెదర్లాండ్స్‌లో కట్టినదాన్ని గుర్తుచేసుకుంటే నవ్వొచ్చేంత తక్కువ. 2021 తర్వాత మొదటిసారి రిజిస్టరైన పెట్రోల్ కారుకు ప్రతి వంద సీసీకి 2 యూరోలు. మీ 1498 సీసీకి 15 వందలుగా లెక్కేసి 30. సీఓ2లో 95 గ్రాముల వరకు ఏమీ లేదు; 96 నుంచి 115 వరకు గ్రాముకు 2 యూరోలు, 116 నుంచి 135 వరకు 2.20, ఆపైన మెట్టు మెట్టుకు పెరుగుతుంది. వీ.7 గడిలో 130 ఉందనుకుంటే 40, 33 కలిపి 73. మొత్తం ఏడాదికి 103 యూరోలు. డీజిల్‌కైతే వంద సీసీకి 9.50. దీన్ని వసూలు చేసేది 2014 నుంచి కస్టమ్స్ శాఖ. అందుకే బిల్లు హౌప్ట్‌త్సోల్‌ఆమ్ట్ నుంచి వస్తుంది. కస్టమ్స్ పేరు చూసి ఇంపోర్ట్ డ్యూటీ వేశారేమోనని కంగారు పడకండి.

మీకు తగలదు కానీ ఇది చదివే ఇంకొందరికి పనికొచ్చేవి రెండు. కారు మొదటి వాడకానికి ఆరు నెలలు దాటకపోయినా, లేదా 6000 కిలోమీటర్లు దాటకపోయినా వ్యాట్ చట్టం లెక్కలో అది "కొత్త" వాహనమే. రెండింట్లో ఏ ఒక్కటి సరిపోయినా చాలు. జర్మనీ తేవడానికని అలాంటి కారు ఇంకో ఈయూ దేశంలో కొంటే, ప్రైవేటు వ్యక్తి కూడా 10 రోజుల్లో జర్మనీలో 19 శాతం వ్యాట్ కట్టాలి. పదివేల కిలోమీటర్లు తిరిగిన అయిదు నెలల డెమో కారు చవగ్గా వచ్చిందని మురిసేవారు ఇక్కడే దెబ్బతింటారు. రెండోది ప్రైవేట్ లీజు: కారు మీది కాదు, లీజు కంపెనీది. మీ పేరు మీద జర్మనీలో రిజిస్టర్ చేయించలేరు. లీజు మధ్యలో ముగించుకోవడమో, కంపెనీ ఒప్పుకుంటే కొనేయడమో తప్ప మూడో మార్గం లేదు.

చివరగా, జర్మన్ ప్లేట్లు బిగించిన రోజు చేయాల్సినవి. డచ్ ఇన్సూరెన్స్‌ను ముందుగా ఆపకండి. కారు ఆర్‌డీడబ్ల్యూ రిజిస్టర్‌లో మీ పేరు మీద ఉన్నంత కాలం దానికి ఇన్సూరెన్స్ ఉండాలి. వాళ్లు వాహనాల రిజిస్టర్‌నూ, ఇన్సూరెన్స్ రిజిస్టర్‌నూ కంప్యూటర్‌తో పోల్చి చూస్తారు, ఖాళీ కనిపిస్తే జరిమానా ఇంటికి వస్తుంది, కారు బవేరియాలో ఉన్నా సరే. రోడ్డు పన్ను కూడా ఆ రిజిస్టర్ మూసేదాకా నడుస్తూనే ఉంటుంది. జర్మనీ నుంచి సమాచారం వెళ్లడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి కొత్త ఫార్‌ట్సొయిగ్‌షైన్ రెండు వైపులా స్కాన్ చేసి మీరే ఆర్‌డీడబ్ల్యూకు పంపండి. వారం తర్వాత వాళ్ల వెబ్‌సైట్‌లో పాత నంబరు కొట్టి చూడండి, ఎవరైనా చూడొచ్చు. అక్కడ ఎక్స్‌పోర్ట్ అయినట్టు కనిపించాక డచ్ పాలసీని రద్దు చేయించి, మిగిలిన ప్రీమియం, రోడ్డు పన్ను వాపసు వచ్చే డచ్ బ్యాంకు అకౌంటును ఇంకో మూడు నాలుగు నెలలు తెరిచే ఉంచండి. బీపీఎం దరఖాస్తుకు 13 వారాల లెక్క కూడా ఆ ఎక్స్‌పోర్ట్ తేదీ నుంచే మొదలవుతుంది.